ఆట తెలియని మా నాన్న రోజూ పొద్దున్నే ఆటల గొడవ ఎందుకు చూస్తున్నారు?

తెనాలి_టు_ఫ్రిస్కో
మార్చి 16, 2025

మాది తెనాలి. నేను డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను. అమ్మా నాన్నా పోయిన అక్టోబరులో వచ్చారు, ఏప్రిల్ 12న తిరుగు ప్రయాణం. ఈ ఐదు నెలల్లో నాన్నకి ఒక అలవాటు అంటుకుంది. దాని గురించే అడుగుతున్నాను. నవ్వుకోండి గానీ జవాబు కూడా చెప్పండి.

నాన్న తెనాలిలో ఒక సివిల్ ప్లీడరు దగ్గర 34 ఏళ్లు గుమాస్తాగా చేశారు. గట్టు తగాదాలు, పంపకాల దావాలు, ప్రామిసరీ నోట్లు. ఆటలంటే ఆయనకి ఏమీ పట్టదు. 2007లో టీ20 ఫైనల్ రోజు మేం ఊపిరి బిగబట్టుకుని టీవీ ముందు కూర్చుంటే, ఆయన వరండాలో కేసు కట్టలకి దారాలు కట్టుకుంటూ "అయిపోతే వార్తలు పెట్టండి" అన్నారు. అలాంటి మనిషి ఇప్పుడు పొద్దున తొమ్మిదయ్యేసరికి స్నానం చేసి, విభూది పెట్టుకుని, కాఫీ గ్లాసుతో ఈఎస్‌పీఎన్ అనే అమెరికా ఆటల ఛానెల్ ముందు హాజరు. ఫస్ట్ టేక్. ఆటల మీద కూర్చుని వాదించుకునే షో అది, పదకొండింటి దాకా కదలరు. సాయంత్రం నాలుగింటికి అరౌండ్ ది హార్న్, నాలుగున్నరకి పార్డన్ ది ఇంటరప్షన్, అవీ అలాంటివే. ఇరవై ఏళ్లకి పైగా నడిచిన అరౌండ్ ది హార్న్‌ని ఈ మే నెలలో ఆపేస్తున్నారని తెలిసి రెండు రోజులు దిగులుగా ఉన్నారు. పొరపాటున అసలు మ్యాచ్ పెట్టామా, "తీసెయ్ రా, కళ్లు తిరుగుతున్నాయి" అంటారు.

ఇది మొదలైంది మా డాలస్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ వల్ల. వాళ్ల ప్రాక్టీసు మైదానం మా ఇంటికి పది నిమిషాలు. 1996 జనవరి తర్వాత మళ్లీ సూపర్ బౌల్, అంటే ఆ ఆట ఫైనల్, మొహం చూడని జట్టు. వీళ్లు ఓడినప్పుడల్లా ఫస్ట్ టేక్‌లో స్టీఫెన్ ఎ. స్మిత్ కౌబాయ్ టోపీ పెట్టుకుని, చుట్ట పట్టుకుని, పెళ్లికి వచ్చినవాడిలా నవ్వుతూ వస్తాడు. నవంబరులో ఒక సోమవారం నేను ఇంటి నుంచి పని చేస్తూ టీవీ ఊరికే వదిలేశాను. నాన్న వచ్చి నిలబడ్డారు. "ఎవర్రా ఈయన? ఎదుటి పార్టీ దావా కొట్టేసిన రోజు మా ప్లీడరుగారు అచ్చం ఇలాగే నవ్వేవారు" అన్నారు. అంతే, కూర్చున్నారు.

యాస అందదు కాబట్టి కింద అక్షరాలు పెట్టించుకున్నారు. ప్లెయింట్లు, రిట్టన్ స్టేట్‌మెంట్లు జీవితమంతా ఇంగ్లీషులోనే చదివిన మనిషి, చదవడంలో నాకంటే వేగం. వారం తిరిగేసరికి అందరికీ పేర్లు పెట్టేశారు. స్టీఫెన్ "పెద్ద ప్లీడరు". మధ్యలో కూర్చునే మోలీ కెరిమ్ "బెంచి మీది అమ్మాయి". సోమ, మంగళవారాల్లో వచ్చే షానన్ షార్ప్ "సాక్షి", ఎందుకంటే ఆయన నిజంగా ఆడి మూడు సూపర్ బౌల్ ఉంగరాలు తెచ్చుకున్నవాడు, విన్నది కాదు చూసింది చెప్తాడు.

ఇంకా ఉంది. మా పాప స్కూలు నోటుబుక్కులో నాన్న వాయిదాల డైరీ రాస్తున్నారు. తేదీ, విషయం, ఎవరు ఎటువైపు. మాట మార్చినవాళ్ల పేరు పక్కన ఎర్ర గీత. క్వార్టర్‌బ్యాక్ అంటే ఎవరో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. కానీ కౌబాయ్స్ ఆటగాడు డాక్ ప్రెస్కాట్‌కి నాలుగేళ్లకి 24 కోట్ల డాలర్లు రాసిచ్చారనీ, మొన్న సీజన్ సగంలోనే తొడ కండరం దెబ్బతిని కూర్చున్నాడనీ, జట్టు పదిహేడింటిలో ఏడే గెలిచిందనీ తెలుసు. "అగ్రిమెంటు రాసినవాడిది తప్పు, ఆడేవాడిది కాదు" అని ఆయన అభిప్రాయం.

నాకు మొదట్నుంచీ ఈ షోలంటే చిరాకు. 2010లో ఎం.ఎస్.కి వచ్చాను, మరుసటి ఏడాది వేసవిలోనే లెబ్రాన్ జేమ్స్ ఉన్న మయామీని కొట్టి మా డాలస్ బాస్కెట్‌బాల్ జట్టు మావెరిక్స్ గెలిచింది, అప్పటి నుంచి ఆట చూసేవాడిని. ఆట చూసేవాడికి ఈ అరుపులెందుకు అనుకునేవాడిని. ఫిబ్రవరి మొదటి తారీఖు రాత్రి పదకొండు దాటాక ఫోనులో వార్త వచ్చింది, మావెరిక్స్ స్టార్ లూకా డాంచిచ్‌ని లేకర్స్‌కి ఇచ్చేశారని. రాసిన విలేకరి అకౌంటు ఎవరో దొంగిలించారని చాలామంది అనుకున్నారు, నేనూ అదే అనుకున్నాను. వార్త నిజమే. పాతికేళ్ల కుర్రాడు, పోయిన ఏడాదే జట్టుని ఫైనల్ దాకా లాక్కెళ్లినవాడు. ఆదివారమంతా అన్నం సయించలేదు. నా భార్యకి చెప్తే "ఇంకొకడు వస్తాడులే" అంది.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి మీటింగు ఎగ్గొట్టి నాన్న పక్కన కూర్చున్నాను. నా కడుపులో ఉన్నదంతా ఎవరో సూటు వేసుకుని, బల్ల గుద్ది, నాకంటే మంచి భాషలో అరుస్తున్నారు. వింటుంటే ఒళ్లు తేలికైంది. నాన్న నా మొహం చూసి "ఫీజు లేకుండా నీ వకాల్తా పుచ్చుకున్నాడ్రా" అన్నారు.

ఆ తర్వాత మార్చి 6 సంగతి. లాస్ ఏంజెలెస్‌లో లేకర్స్, నిక్స్ మ్యాచ్. లేకర్స్ ఆటగాడైన లెబ్రాన్ నేరుగా కోర్టు పక్క సీట్లో ఉన్న స్టీఫెన్ దగ్గరికి వచ్చి, మొహంలో మొహం పెట్టి గట్టిగా ఏదో చెప్పి వెళ్లాడు. కొడుకు బ్రానీ గురించి. ఆ అబ్బాయిని 2024లో, జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 55వ వాడిగా తీసుకున్నారు. అక్టోబరు 22న తండ్రీ కొడుకులు ఒకే జట్టులో దిగారు, ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ లీగులో అలా జరగడం అదే మొదటిసారి. జనవరిలో స్టీఫెన్ తన షోలో, ఒక తండ్రిగా అడుగుతున్నాను, ఆ పిల్లవాడిని ఇలా అందరి ముందుకీ తోయొద్దు అన్న ధోరణిలో లెబ్రాన్‌కి చెప్పాడు. అదీ కోపం.

"కక్షిదారే ప్లీడరు మీదికొచ్చాడు!" అని నాన్న లేచి నిలబడ్డారు. ఆయనది లెబ్రాన్ వైపు. కేసు మాట్లాడాలి గానీ ఇంట్లో పిల్లల పేరెత్తకూడదని. నేను స్టీఫెన్ వైపు. అన్నది తండ్రిని, కొడుకుని కాదు కదా అని. నలభై నిమిషాలు వాదించుకున్నాం. అమ్మ గరిటెతో వచ్చి "ఎవర్రా ఈ బ్రానీ? మనవాళ్ల అబ్బాయా?" అని అడిగింది. పదిహేనేళ్లలో నేనూ నాన్నా బీపీ మాత్రలు, బ్యాంకు పాసుపుస్తకం, వీసా తప్ప ఇంకో విషయం మీద నలభై నిమిషాలు మాట్లాడుకున్నది లేదు.

ఇంతకీ నా ప్రశ్న. ఆట తెలియనివాడిని కూడా కట్టిపడేసేంత ఏముంది ఈ షోలలో? ఇంకోటి, తెనాలి వెళ్లాక ఈయనకి ఇవి ఎలా దొరుకుతాయి?

ప్యానెల్_వెనకాల
మార్చి 16, 2025

మీ నాన్నగారికి నమస్కారం. నేను హైదరాబాదులో ఒక ఛానెల్ స్పోర్ట్స్ డెస్కులో పని చేస్తాను, పేరు వద్దు. క్రికెట్ రోజుల్లో సాయంత్రం చర్చా కార్యక్రమం రన్‌డౌన్, అంటే ఏ విషయం తర్వాత ఏది రావాలో, నేనే రాస్తాను.

ముందు డబ్బు సంగతి. 2023 నుంచి 27 దాకా ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లు పలికాయి. మ్యాచ్ చూపించాలంటే అంత పొయ్యాలి. మ్యాచ్ గురించి మాట్లాడాలంటే నాలుగు కుర్చీలు, ఒక యాంకరు, నీళ్ల గ్లాసులు చాలు. అమెరికాలోనూ అదే లెక్క. మీ నాన్నగారు చూసే ఫస్ట్ టేక్ 2003లో పుట్టినప్పుడు దాని పేరు కోల్డ్ పిజ్జా, పొద్దున పూట కాలక్షేపం షో. 2007లో పేరు మారింది. 2011, 12 ప్రాంతంలో స్కిప్ బేలెస్ టిమ్ టీబో అనే ఒకే ఒక్క ఆటగాడిని వెనకేసుకొచ్చి రోజూ వాదించేవాడు. జనం తిట్టుకుంటూనే చూశారు. అక్కడి నుంచి ఆ షోలో వాదన తప్ప ఇంకేమీ మిగల్లేదు. 2016లో స్కిప్ ఇంకో ఛానెల్‌కి వెళ్లి షానన్ షార్ప్‌తోనే అలాంటి దుకాణం పెట్టాడు. అదే షార్ప్ ఇప్పుడు స్టీఫెన్ పక్కన కూర్చున్నాడు. సెరిస్తాదారు మారతాడు, కోర్టు మారదు.

కానీ డబ్బు తక్కువైనంత మాత్రాన జనం చూడరు. ఏ విషయం పెట్టాలన్నదే అసలు విద్య. తేలిపోయే విషయం పనికిరాదు. నా అనుభవం చెప్తాను. డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టాడు, స్టాండులో వాళ్ల నాన్నగారు ఏడ్చేశారు. దేశమంతా కళ్లు తుడుచుకుంది. ఆ సాయంత్రం మా షో చచ్చిపోయింది. నలుగురు అతిథులూ ఒకటే మాట, "అద్భుతం". పన్నెండు నిమిషాలకి సరుకు అయిపోయింది, మిగతా టైమంతా సెంచరీ పూర్తిచేసిన ఫోర్ క్లిప్పే తిప్పాం. వారం తిరక్కుండా సిడ్నీలో కెప్టెన్ రోహిత్ జట్టులోంచి తనే తప్పుకున్నాడు. మూడు రోజులు పండగ. తప్పుకున్నాడా, తప్పించారా? త్యాగమా, తప్పనిసరా? మీరే చూడండి, దీనికి స్కోరుబోర్డులో జవాబు ఉండదు.

ఒక పాత రంజీ ఆటగాడు మా షోకి వచ్చేవారు. ఏది అడిగినా "రెండు వైపులా నిజం ఉందండీ" అనేవారు. ఆటని ఆయనంత బాగా చెప్పేవాళ్లని నేను చూడలేదు. రెండుసార్ల తర్వాత పైనుంచి "ఆయన వద్దు" అన్నారు. చెవిలో వినబడే టాక్‌బ్యాక్‌లో "గొంతు పెంచమను, గొంతు పెంచమను" అని యాంకరుకి చెప్పింది కూడా నేనే, దాచుకోవడం దేనికి.

ఎడిసన్_అమ్మ
మార్చి 17, 2025

అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి నేనొక్కదాన్నయినా తిట్టాలి. మా వాడికి పదిహేనేళ్లు. మైకేల్ జోర్డాన్ గొప్పా, లెబ్రాన్ గొప్పా అన్న విషయం మీద మా ఇంట్లో మూడేళ్లుగా చర్చ. ఒకాయనకి ఆరు టైటిళ్లు, ఫైనల్లో ఓటమి లేదు. ఇంకొకాయన పది ఫైనల్స్ ఆడి నాలుగు గెలిచాడు. ఇది నాకెందుకు తెలియాలి? ఇడ్లీ పిండి రుబ్బుకునే దాన్ని నేను.

వాడు వాదన నేర్చుకుంటే సంతోషించేదాన్ని. నేర్చుకున్నది వేషం. ఎదుటివాడు మాట్లాడుతుంటే తల అడ్డంగా ఊపడం, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టడం, "నాకు నవ్వొస్తోంది" అనడం. చెత్త తీసి బయట పెట్టమంటే నాకు మూడు పాయింట్లు చెప్తాడు. ఇన్నేళ్లలో ఆ షోలో ఎవరైనా "అవునండీ, మీరు చెప్పాక నా అభిప్రాయం మారింది" అన్నారా? మారకపోతే అది చర్చ ఎలా అవుతుంది? మన తెలుగు న్యూస్ ఛానెళ్లలో రాత్రి తొమ్మిదింటికి జరిగేదే ఇది, కాకపోతే వీళ్ల సూట్లు బాగుంటాయి.

మీ నాన్నగారికి డెబ్భై ఏళ్లు ఉంటాయి, ఆయనకి నష్టం లేదు. పిల్లలున్న ఇంట్లో మాత్రం రిమోట్ దాచండి.

తెనాలి_టు_ఫ్రిస్కో
మార్చి 17, 2025

ఎడిసన్ అమ్మగారూ, మీ జవాబు నాన్నకి చదివి వినిపించాను. కాసేపు ఆలోచించి "ఆవిడ చెప్పిందే నిజం" అన్నారు. నేను ఆశ్చర్యపోయాను. ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాస్తాను.

"రాజీ పడితే ప్లీడరుకి రేపు పనేముంది? మా కోర్టులో కూడా లోపల బల్లలు గుద్దుకున్నవాళ్లే పన్నెండున్నరకి చెట్టు కింద ఒకే టీ చెరిసగం తాగేవాళ్లు. కొత్త కక్షిదారు అది చూసి గుండె పగిలి ఏడ్చేవాడు, మా ప్లీడరు అమ్ముడుపోయాడని. పాతవాళ్లకి తెలుసు. కేసులో పస ఉన్న రోజు ప్లీడరు నెమ్మదిగా మాట్లాడతాడు, కాగితాలు చూపిస్తాడు. పస లేని రోజే గొంతు లేస్తుంది. ఈ పెద్ద ప్లీడరు ఏ రోజు ఎందుకు అరుస్తున్నాడో కనిపెట్టడమే నాకు సరదా. ఆవిడ అబ్బాయికి ఆ గొంతు ఒక్కటే వినబడుతోంది. కాగితం ఎక్కడుందో అడగమని చెప్పమను."

ఆయనకి మూడు షోలలో నిజంగా గౌరవం ఉన్నది పార్డన్ ది ఇంటరప్షన్ మీద. టోనీ కార్న్‌హైజర్, మైకేల్ విల్బన్, ఇద్దరూ వాషింగ్టన్ పోస్ట్‌లో కాలమ్ రాసిన పాత పత్రికా మిత్రులు. 2001 నుంచి ఒకే బల్ల. పక్కన ఆ రోజు విషయాల జాబితా కనబడుతూ ఉంటుంది, గడియారం వెనక్కి నడుస్తుంది, టైమైపోతే గంట. నాన్న దాన్ని "కాజ్ లిస్టు" అంటారు. చివర్లో ఆ రోజు దొర్లిన తప్పులు సరిదిద్దుకునే అలవాటు కూడా ఉంది వాళ్లకి. అది చూసిన రోజు "ఇలాంటిది మన దగ్గర ఒక్క ఛానెల్లో పెట్టమను చూద్దాం" అన్నారు.

అరండల్‌పేట_రెండో_లైను
మార్చి 18, 2025

గుంటూరు నుంచి. అందరూ అమెరికా మాట్లాడుతున్నారు, మా ఊరి కేసు ఒకటి ఉంది, విచారణ ఇంకా పూర్తి కాలేదు.

2019 ఏప్రిల్ 15న వరల్డ్ కప్ జట్టు ప్రకటించారు. అంబటి రాయుడు లేడు. బదులుగా విజయ్ శంకర్. చీఫ్ సెలక్టరు ఎమ్మెస్కే ప్రసాద్ కారణం చెప్తూ, విజయ్ శంకర్‌తో మూడు డైమెన్షన్లు కలిసొస్తాయన్నారు, బ్యాటింగు, బౌలింగు, ఫీల్డింగు. మర్నాడు రాయుడు ట్విట్టర్లో, వరల్డ్ కప్ చూడ్డానికి కొత్త త్రీడీ కళ్లద్దాలు ఆర్డరిచ్చానన్నాడు. తీసేసినాయన గుంటూరులో పుట్టారు, తీయించుకున్నాయనా గుంటూరులోనే పుట్టాడు. ఇక మా ఊరి పరిస్థితి ఊహించుకోండి.

మా సందు చివర టీ బంకు దగ్గర రెండు పార్టీలు అయ్యాయి. బంకు యజమాని రాయుడు పార్టీ, ఎమ్మెస్కే పార్టీ వాళ్లకి టీలో పంచదార తక్కువ వేస్తున్నాడని ఆరోపణ. జులైలో సెమీఫైనల్ న్యూజిలాండ్‌తో 18 పరుగులకి పోయింది. ధోనీని ఏడో స్థానంలో పంపారు. "నాలుగులో రాయుడు ఉండి ఉంటే" అని మొదలైంది, నిన్న సాయంత్రం కూడా అయింది. ఆరేళ్లు. మధ్యలో కరోనా వచ్చి పోయింది, బంకు చేతులు మారింది, కొత్త యజమాని ఎమ్మెస్కే పార్టీ. ఆ మ్యాచ్‌లో ఎవరెంత కొట్టారో నాకు జడేజా ఒక్కడిదే గుర్తుంది. చర్చలో ఎవరేమన్నారో మాత్రం మాట మాటకీ అప్పజెప్తాను.

మీ నాన్నగారు తెనాలి మనిషి కాబట్టి ఇంకోటి అడుగుతాను. ఆయన పద్యనాటకాలు చూసేవారా? రాయబారం సీను గుర్తు చేసుకోమనండి. సంధి కుదరదని, యుద్ధం జరుగుతుందని, ఎవరు చస్తారో ఎవరు బతుకుతారో మూడో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. అయినా చాపలు, దుప్పట్లు తెచ్చుకుని తెల్లారుజాము దాకా కూర్చునేవాళ్లం. కృష్ణుడు వచ్చి ఏం చెప్తాడో తెలుసు, ఎలా చెప్తాడన్నదే కావాలి. ఒక్క పద్యానికి మూడు వన్స్‌మోర్‌లు కొట్టించేవాళ్లం. మీరు రాసింది చదివి ఆ స్టీఫెన్ గారి క్లిప్పులు నాలుగు చూశాను. ఇంగ్లీషు సగం అర్థం కాలేదు. కానీ ఆ మనిషి ఒక మాటని సాగదీసి, గొంతు తగ్గించి, కాస్త ఆగి, ఒక్కసారి పైకి లేపుతాడు చూడండి, అది ఆలాపనే. హార్మోనియం ఒక్కటే తక్కువ. ఆయన జీతం అయిదేళ్లకి కనీసం పది కోట్ల డాలర్లని ఈ నెలే వార్తల్లో వచ్చిందట కదా. మన పద్యాలవాళ్లకి వేదిక మీద పది రూపాయల నోటు గుచ్చేవాళ్లం.

కొలంబస్_కిట్టు
మార్చి 18, 2025

ఇన్ని కబుర్లలో రెండో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. ఈఎస్‌పీఎన్ వాళ్లు ఫస్ట్ టేక్ క్లిప్పులు యూట్యూబ్‌లో పెడతారు, అదే రోజు. ఇండియాలో స్మార్ట్ టీవీకి నెట్ ఉంటే చాలు. ఇప్పుడు డేలైట్ సేవింగ్ కాబట్టి మీ పొద్దున తొమ్మిది అంటే తెనాలిలో రాత్రి ఏడున్నర. క్లిప్పులు ఆ తర్వాత ఒక్కొక్కటే వస్తాయి. ఒక్క చిక్కు, అది మీ అమ్మగారి సీరియళ్ల టైము. అక్కడ నేను సాయం చేయలేను.

తెనాలి_టు_ఫ్రిస్కో
ఏప్రిల్ 13, 2025

అందరికీ థాంక్స్. నిన్న ఇద్దర్నీ విమానం ఎక్కించి వచ్చాను. ఇల్లు బోసిగా ఉంది. పొద్దున తొమ్మిదికి టీవీ పెట్టబోయి, ఆదివారం కదా అని ఆగాను.

రాయబారం సంగతి చెప్తే నాన్న మొహం వెలిగిపోయింది. చూడటమేమిటి, కుర్రతనంలో ఒకసారి దుర్యోధనుడి వేషం వేశారట. మాకెవరికీ తెలియదు. అమ్మకి తెలుసు, "ఆ సంగతి ఎత్తకు, పద్యం మర్చిపోయి లోపలికి పరిగెత్తారు" అంది.

ఏప్రిల్ 9న లూకా డాంచిచ్ లేకర్స్ తరఫున మొదటిసారి డాలస్ వచ్చాడు. ఆ ఒక్క మ్యాచ్ నాతో చూడమని నాన్నని బతిమాలి కూర్చోబెట్టాను. రెండు నెలలుగా ఆయన డైరీలో పదహారు పేజీలు ఈ కుర్రాడివే. చర్చ జరుగుతున్నప్పుడు పక్కన చిన్న డబ్బాలో పరిగెత్తే మనిషిగా తప్ప లూకాని నాన్న ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. మ్యాచ్‌కి ముందు పాత రోజుల వీడియో వేశారు, లూకా బెంచి మీద కూర్చుని తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. కెమెరా దగ్గరికి వెళ్లింది. నాన్న ముందుకి వంగి "ఈ పిల్లవాడేనా?" అన్నారు. "పసిమొహం కదరా. వీడి గురించా ఇంత రగడ?"

లూకా 45 పాయింట్లు కొట్టాడు. మా వాళ్లు ఓడిపోయారు, ఊరంతా ఆ కుర్రాడికే చప్పట్లు కొట్టింది. నాన్న అదేమీ చూడలేదు. రెండో క్వార్టర్లోనే గురక. పాప శాలువా కప్పింది. మర్నాడు తొమ్మిదికి ఐదు నిమిషాలుండగానే కాఫీతో వచ్చి "కింద అక్షరాలు పెట్టు, ఏమంటారో విందాం" అన్నారు.

సామాన్లు సర్దేటప్పుడు ఆ నోటుబుక్కు అమ్మ సంచిలో పెట్టింది. పెట్టబోయే ముందు చివరి పేజీ చూశాను. నాన్న అక్షరాలు, పాత కేసు కట్టల మీద ఉండేలాంటివే, ముద్రల్లా. "విషయం: లూకా బదిలీ. తీర్పు: లేదు. తదుపరి వాయిదా: తెనాలి, సాయంత్రం గం. 7.30." దాని కింద అమ్మ పెన్సిల్‌తో రాసింది, "8.30, సీరియల్ అయ్యాక".